ఇరవైనాలుగో వంతు ఊళ్లు

ఆ ఊళ్లలో అన్నీ ఇరవైనాలుగో వంతుకు దిగివచ్చాయి, ఒక్క వాన తప్ప. మనిషి ఎత్తు 7 సెంటీమీటర్లు, వాకిలి ఎత్తు 8. రెండంతస్తుల దుకాణం కప్పుతో సహా మన మోకాలి లోపే. చినుకు మాత్రం చినుకే. 3 మిల్లీమీటర్ల చినుకొకటి ఆ వీధిలో నిలబడ్డ బొమ్మమనిషి నెత్తిన పడిందంటే, మన కొలతలో అది 7 సెంటీమీటర్ల నీటిముద్ద. ఐర్లండ్ దక్షిణాన కార్క్ ప్రాంతంలో ఏడాదికి దాదాపు 1200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆ వానంతా ఈ చిట్టి కప్పుల మీద పూర్తి బరువుతోనే పడుతుంది. ఆ కప్పులు దాన్ని మోస్తూ, ఆ గోడలు ఉబ్బకుండా, ఆ రంగులు వెలిసిపోకుండా నిలబడి ఉంటాయి. చూస్తుంటే ముందు కలిగేది ముచ్చట కాదు, గౌరవం.

క్లానకిల్టీలోని వెస్ట్ కార్క్ మోడల్ రైల్వే విలేజ్ గురించి చెబుతున్నాను. ఇంచిడోనీ వెళ్లే దారిలో, సముద్రపు పాయకు దగ్గరగా, ఆరుబయట ఉంటుంది. 1994లో తెరిచారు. 1940లలో వెస్ట్ కార్క్ రైలు మార్గం ఎలా ఉండేదో, దాని వెంట బ్యాండన్, కిన్సేల్, క్లానకిల్టీ, డన్‌మాన్‌వే ఊళ్లు ఎలా ఉండేవో, చేత్తో చేసిన ఇళ్లతో 1:24 కొలతలో అక్కడ నిలబెట్టారు. వాటి మధ్య బుల్లి రైళ్లు తిరుగుతుంటాయి. పిల్లల్ని తీసుకెళ్లే చోటని చాలామంది అనుకుంటారు. తీసుకెళ్లవలసిందే. కానీ దాన్ని అక్కడితో సరిపెడితే ఒక గొప్ప కళకు అన్యాయం చేసినట్లే.

ముందు అసలు రైలు సంగతి కొంచెం. బ్యాండన్ నుంచి బాలిన్‌హాసిగ్ దాకా మొదటి ముక్క 1849లో తెరుచుకుంది, ఐర్లండ్ మహాకరువు ఇంకా పూర్తిగా వదలని రోజుల్లో. 1851 చివరికి మార్గం కార్క్ నగరం చేరింది. తర్వాతి నలభై ఏళ్లలో అది పడమటికి కొమ్మలు వేసుకుంటూ పోయింది: 1863లో కిన్సేల్, 1866లో డన్‌మాన్‌వే, 1877లో స్కిబరీన్, 1881లో బాంట్రీ, 1886లో క్లానకిల్టీ, 1893లో బాల్టిమోర్. పట్టాల మధ్య దూరం 1600 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజ్ కంటే మూడంగుళాలు తక్కువ. కొండల్లో మెలికలు తిరిగే ఆ దారి కోసం మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ కంపెనీ 1906 నుంచి 1920 వరకు ఎనిమిది ఇంజిన్లు చేసి ఇచ్చింది. జనం వాటిని ‘బ్యాండన్ ట్యాంకులు’ అన్నారు. 1961 మార్చి 31తో అంతా ఆగిపోయింది. ఇవాళ వెస్ట్ కార్క్‌లో రైలన్నది లేదు. క్లానకిల్టీకి బస్సులోనో కారులోనో పోవాలి.

ఇంత చెప్పింది ఎందుకంటే, ఆ బొమ్మ ఊళ్లను చూసే కన్నుకు ఇది తెలిసి ఉండాలి. తెలియకపోయినా అందం కనపడుతుంది. తెలిస్తే ఆ అందానికి లోతు వస్తుంది.

ఇక గోడలు. ఐరిష్ చిన్నపట్నపు వీధి అంటే ఇళ్ల వరస. ఒకదాని గోడ మరొకదానికి ఆనుకుని ఉంటుంది. ఒకటి పసుపు, పక్కది ముదురు ఎరుపు, ఆ పక్కది ఆకాశనీలం. క్లానకిల్టీ వీధుల్లో దుకాణాల పేర్లు ఇప్పటికీ కుంచెతో రాసినవి చాలా ఉన్నాయి. ఆ అలవాటును ఊరు పట్టుదలగా కాపాడుకుంది. ఈ రంగుల్ని చిన్నదానిలోకి తేవడం పైకి కనిపించినంత సులువు కాదు. అసలు గోడకు వేసిన రంగే డబ్బాలోంచి తీసి బొమ్మగోడకు వేస్తే కంటికి గుచ్చుకుంటుంది. కారణం గాలి. రెండు మీటర్ల దూరంలో నిలబడి చూసే 1:24 గోడ, నిజంలో 48 మీటర్ల అవతలి గోడకు ప్రతినిధి. అంత దూరంలోని రంగును మధ్యనున్న గాలి, తేమ, వెలుగు కలిసి కాస్త కడిగేస్తాయి. ముఖ్యంగా అట్లాంటిక్ తేమ నిండిన ఆ గాలి. అందుకని బొమ్మఇల్లు కట్టేవాడు రంగులో కొంచెం తెలుపో బూడిదరంగో కలిపి, మధ్యలో లేని ఆ 46 మీటర్ల గాలిని కూడా గోడకే పూస్తాడు. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి నేను ఏ సూక్ష్మ నమూనానూ మునుపటిలా చూడలేకపోయాను. దూరాన్ని కుంచెతో పూయవచ్చని చిత్రకారులకు ఎప్పుడో తెలుసు. ఇక్కడ అది చిత్రంలో కాక వస్తువులోనే జరుగుతుంది.

రంగు తగ్గాలి సరే, మరి గరుకుదనం? దాన్ని పెంచాలి. రాతిగోడలో రాయికీ రాయికీ మధ్య సున్నపు దర్జు ఒక సెంటీమీటరు ఉంటుందనుకుందాం. ఇరవైనాలుగో వంతంటే అర మిల్లీమీటరైనా ఉండదు. లెక్క ప్రకారం గీస్తే కనపడదు, మొదటి రంగుపూతకే పూడిపోతుంది. కప్పు మీది పలకరాయి మందం 6 మిల్లీమీటర్లైతే, చిన్నదానిలో పావు మిల్లీమీటరు. దానికి నీడ పడదు, గాలికి నిలవదు. కాబట్టి చేసేవాడు దర్జును లోతు చేస్తాడు, పలక అంచును మందం చేస్తాడు. ఆలంకారికులు అతిశయోక్తి అన్నది సరిగ్గా ఇదే, కాకపోతే అది ఇక్కడ అలంకారం కాదు, అవసరం. కొలబద్దకు కట్టుబడినవాడి గోడ నున్నగా, జీవం లేకుండా ఉంటుంది. ఎక్కడ అబద్ధమాడాలో తెలిసినవాడి గోడ రాతిగోడలా నిలుస్తుంది. ఔచిత్యమే రసానికి ప్రాణమని పదకొండో శతాబ్దంలో క్షేమేంద్రుడు ఒక గ్రంథమే రాశాడు. ఆయన ఉదాహరణలన్నీ కావ్యాల్లోవి. నా మటుకు నాకు ఆ మాట బొమ్మకప్పు మీది పలకల వరస చూసినప్పుడు మరింత బాగా అర్థమైంది.

కిటికీల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. బొమ్మఇళ్లలో ఎక్కువగా పాడయ్యేది కిటికీయే. అద్దం స్థానంలో మెరిసే ప్లాస్టిక్ పెట్టి వదిలేస్తే ఇల్లు గుడ్డిదవుతుంది. పగటిపూట వీధిలోంచి చూస్తే నిజమైన కిటికీ లోపల చీకటిగా ఉంటుంది, ఆ చీకటిలో సగం దాకా తెల్లని తెర కనపడుతుంది. లోపల నల్లగా పూసి, అద్దాన్ని చట్రానికి కాస్త వెనక్కి జరిపితే చాలు, ఇంట్లో ఎవరో ఉన్నట్లుంటుంది.

ఇంతవరకు చెప్పినవి గదిలోపలి నమూనాలకూ వర్తిస్తాయి. ఐర్లండ్‌లోనే ఆ కోవకు చెందిన గొప్ప కృషి మరొకటి ఉంది. ఇంచికోర్ రైల్వే కర్మాగారంలో పనిచేసిన సిరిల్ ఫ్రై తన జీవితమంతా వెచ్చించి చేసిన రైలుబండ్ల నమూనాలు డబ్లిన్ దగ్గర మాలహైడ్‌లో ఉన్నాయి. మొదట 1988 నుంచి అక్కడి కోట ఆవరణలో ఉండేవి, 2020 నుంచి కసీనో హౌస్ అనే ఇంట్లో ఉన్నాయి. ఆ నైపుణ్యానికి చేతులెత్తి మొక్కవచ్చు. అయితే ఆ కళ ధర్మం వేరు. కప్పు కింద ఉన్న నమూనాలో చూరు అంటే చూరు బొమ్మ. ఆరుబయట ఉన్న నమూనాలో చూరు నిజంగా చూరే. అది తన పని చేయకపోతే ఇల్లు కూలుతుంది. నేను పరవశించేది ఇక్కడ.

ఆ పని ఎంత చిక్కైనదో చూడండి. అసలు ఇంటి చూరు 20 సెంటీమీటర్లు ముందుకు వస్తుందనుకుంటే, బొమ్మఇంటికి అది 8 మిల్లీమీటర్లు. ఆ అంచున చేరిన నీరు కిందికి రాలదు. నీటికి దేన్నైనా అంటిపెట్టుకుని ఉండే గుణం ఉంది, ఆ గుణం కొలతతో పాటు తగ్గదు. చూరు అడుగునే వెనక్కి పాకి, గోడ మీదుగా లోపలికి పోతుంది. దాన్ని ఆపడానికి చూరు అడుగున సన్నని గాడి తీయాలి, లేదా పైనుంచి కనపడకుండా లోహపు అంచు దించాలి. కప్పు వాననీటిని పోగుచేసే దోనె ఉంటుంది కదా, దాన్ని కొలత ప్రకారం చేస్తే వెడల్పు 5 మిల్లీమీటర్లు. అందులో నీరు పారదు, ఒక్క చినుకు చేరి ముత్యంలా కూర్చుంటుంది. అంటే ఆ దోనె నటించాలి, చూరు మాత్రం పని చేయాలి. పక్కపక్కన, ఒకే రంగులో, ఒకటి వేషం, ఒకటి నిజం. చూసేవాడికి రెంటికీ తేడా తెలియకూడదు. తెలియనివ్వకపోవడమే శిల్పం.

లోపలి అస్థిపంజరం కూడా అంతే. మామూలు ప్లైవుడ్ ఒక్క శీతాకాలానికే పొరలుగా విడిపోతుంది. పడవలకు వాడే మెరైన్ ప్లైవుడ్ కావాలి, దాని కోసిన అంచులన్నీ జిగురుతోనో రంగుతోనో మూయాలి. నీరు తాగని పీవీసీ పలకలు వాడేవాళ్లున్నారు, గోడల్ని సిమెంటుతో అచ్చుపోసేవాళ్లూ ఉన్నారు. సిమెంటు బరువు గాలికి కదలనివ్వదు. కానీ సన్నని కిటికీ కమ్మీలు దానిలో నిలవవు, వాటిని వేరుగా చేసి అతకాలి. ఇంటి కింద నీరు నిలవకుండా కంకర పరవాలి. లోపలి తేమ బయటికి పోవడానికి ఎక్కడో ఒక రంధ్రం వదలాలి, అది చూసేవాడి వైపు ఉండకూడదు. నిజమైన తాపీమేస్త్రికి ఉండే చింతలన్నీ ఇతనికీ ఉన్నాయి, పైగా అతనికి లేని ఒక చింత ఉంది: ఇదంతా చేతికింద మోకాళ్ల ఎత్తున ఉన్నా, కంటికి వీధికి అవతల ఉన్నట్లు కనపడాలి.

ఇక ప్రకృతి చేసే సాయం చూడాలి. గల్ఫ్ స్ట్రీమ్ వెచ్చదనం వల్ల వెస్ట్ కార్క్‌లో మంచుదెబ్బ తక్కువ, తేమ ఎక్కువ. అక్కడి పలకరాతి మీద నాచు తనంతట తానే పడుతుంది. ఆ నాచుకు కొలత తెలియదు. అసలు కప్పు మీద గోరంత పెరిగేది బొమ్మకప్పు మీదా గోరంతే పెరుగుతుంది, కానీ అక్కడ అది పొదలా కనపడుతుంది. కొన్నిచోట్ల దాన్ని గీకి తీసేయాలి. కొన్నిచోట్ల వదిలేస్తే ఆ గోడకు నూరేళ్ల వయసు వస్తుంది. ఎక్కడ వదలాలన్నది చేసేవాడి రసజ్ఞత. నేలబారున పాకే థైమ్, పొట్టి జాతి దేవదారులు, కత్తెరతో అణచి ఉంచిన పొదలు — ఆరుబయటి రైలుతోటలకు వీటిని ఎంచడంలో ఒక సూత్రం ఉంది. ఆకు చిన్నదైతేనే చెట్టు పెద్దదవుతుంది. అరచేయంత ఆకున్న మొక్కను ఊళ్లో నాటితే పక్కనున్న చర్చి ఒక్కసారిగా బొమ్మైపోతుంది.

ఆ ఊళ్లలో ఒక తేనెటీగ వాలినా, ఒక పిచ్చుక వీధి మధ్య దిగినా, లెక్క తప్పుతుంది. కొందరు దాన్ని భంగమంటారు. నాకైతే అదే అద్భుతరసానికి ఊపిరి. భరతుడు అద్భుతానికి స్థాయీభావం విస్మయమన్నాడు. విస్మయం పుట్టాలంటే మనసు రెండు కొలతల మధ్య ఊగాలి. అంతా చిన్నదే అయితే కన్ను దానికి అలవాటుపడి నిద్రపోతుంది. పిచ్చుక వచ్చి దాన్ని లేపుతుంది.

రైలు వస్తుంది. ఈ ఇళ్లన్నిటినీ ఒక్క ఊరుగా కలిపేది ఆ రాకే. గంటకు 48 కిలోమీటర్ల బండి, 1:24లో గంటకు 2 కిలోమీటర్లు పోవాలి, మనిషి షికారు నడక కంటే తక్కువ. అంతకన్నా వేగంగా తోలితే అది ఆటబొమ్మ, ఆ నిదానంలో తోలితే అది ప్రయాణం. బండి కదులుతుంటే గోడలు ఒక్కొక్కటిగా దాని వెనక్కి జారుతాయి, కాసేపు దాగి మళ్లీ కనపడతాయి. అప్పటిదాకా వేరువేరుగా ఉన్న దుకాణం, స్టేషను, సత్రం ఒకదానికొకటి దారి చూపించుకుంటాయి. రైలు లేకపోతే అవి మంచి ఇళ్లు మాత్రమే. ఇంగ్లండ్‌లో 1929 నుంచి బెకన్స్‌కట్ అనే ఇలాంటి ఆరుబయటి బొమ్మ ఊరు ఉంది, ఈ తరహాలో పాతది. కానీ అది ఊహించి కట్టిన ఊరు. క్లానకిల్టీలోవి బతికిన ఊళ్లు, పేరు పెట్టి పిలవదగినవి. ఆ తేడా రసంలో తెలుస్తుంది.

ఇక్కడ ఒక చరిత్ర దోషాన్ని చెప్పక తప్పదు. కిన్సేల్ శాఖ 1931లోనే మూతపడింది. 1940ల దృశ్యంలో కిన్సేల్‌ను రైలుతో కలపడం కాలానికి ఒప్పదు. ఇంకొకటి కూడా ఉంది. ఆ దశాబ్దపు మొదటి సగం ఐర్లండ్ రైళ్లకు గడ్డుకాలం. యుద్ధం వల్ల బ్రిటన్ నుంచి బొగ్గు రాక, తడిసిన పీట్ గడ్డలు కాల్చి బండ్లను ఈడ్చారు, చాలాచోట్ల రైళ్లే తగ్గించేశారు. ఈ బొమ్మ ఊళ్లలో మాత్రం బండి వెంటవెంటనే వస్తుంది. చరిత్రకారుడు అడ్డుతగలవచ్చు. నేను మాత్రం కట్టినవాళ్ల పక్షమే. కాళిదాసు శకుంతలకు శాపం పెట్టించి మూలకథను మార్చలేదా? కిన్సేల్ లేని వెస్ట్ కార్క్ చిత్రం లెక్కకు సరిపోతుంది, ఆ ప్రాంతపు మనిషి జ్ఞాపకానికి సరిపోదు. ఆ జ్ఞాపకంలో ఊళ్లన్నిటికీ ఒకేసారి రైలు ఉంది, ఒక్కటీ ఆలస్యం కాలేదు.

మరి ఇందులో ప్రధానరసం ఏది? కరుణమని తొందరపడి అనవచ్చు, పోయిన రైలు కదా. నేను ఒప్పుకోను. ఆ దృశ్యంలో ఏదీ పోలేదు. స్టేషన్లో మూటాముల్లెతో నిలబడ్డ మనిషి ఉన్నాడు, బండి వస్తోంది, పొగగొట్టాలున్న ఇళ్లలో వంట జరుగుతున్నట్లే ఉంది. 1961 అన్నది ఆ ఊళ్లకు తెలియదు. తెలిసింది చూసేవాడికి. కట్టినవాళ్లు నష్టాన్ని ఎక్కడా వాచ్యం చేయలేదు, సంతోషంగా నడిచే బండిని మాత్రం చూపించారు. నష్టమంతా ధ్వనిలో ఉంది. ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ అన్నది దాన్నే. విరిగిన పట్టాలు, తుప్పుపట్టిన బోర్డు పెట్టి ఉంటే ఎవరి కళ్లైనా చెమ్మగిల్లేవి, కానీ అది తక్కువ కళ. ఇక్కడ చూసేవాడు నవ్వుతూ వంగి చూస్తాడు, లేచి నిలబడ్డాక ఏదో బరువు తెలుస్తుంది.

పోయినదాన్ని చిన్నది చేసి నిలుపుకోవడం మనకు కొత్త కాదు. అమరావతి మహాచైత్యం ఇవాళ ఒక తక్కువ ఎత్తు దిబ్బ. 1797లో సర్వేయరు కాలిన్ మెకంజీ చూసేనాటికే దాని రాళ్లు కొత్త కట్టడాలకు తరలిపోతున్నాయి. ఆ స్తూపం నిండుగా ఉన్న రోజుల్లో ఎలా ఉండేదో మనకు ఎలా తెలిసింది? ఆ స్తూపానికే తాపడం చేసిన పలకల మీద శిల్పులు ఆ స్తూపాన్నే చెక్కి పెట్టారు కాబట్టి. గుమ్మటంలాంటి అండం, చుట్టూ వేదిక అనే రాతి కంచె, ద్వారాల దగ్గర సింహాలు, ఐదేసి ఆయక స్తంభాలు — అన్నీ పల్నాటి సున్నపురాతి మీద రెండు చేతుల మధ్య పట్టే మేర. పెద్దది చెదిరిపోయింది, తన ఒంటి మీద తాను మోసిన చిన్నది మిగిలింది. ఆ పలకల్లో కొన్ని లండన్‌లో, కొన్ని చెన్నైలో, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి. అక్కడి శిల్పి కొలబద్ద భక్తి: మొక్కే మనుషులు ద్వారమంత ఎత్తు, ఆకాశంలో దేవతలు గుమిగూడి ఉంటారు. క్లానకిల్టీ వారిది కచ్చితమైన భాగహారం. కానీ రెండుచోట్లా పనిచేసిన కోరిక ఒకటే: ఒక కట్టడాన్ని దాని చుట్టూ మసలిన మనుషులతో సహా పట్టుకోవాలి. ఉత్త కట్టడం చెక్కి ఉంటే అది నక్షా అయ్యేది.

చూడవలసిన తీరు ఒకటుంది. నిలబడి చూస్తే ఆ ఊళ్లు పటంలా పరుచుకుంటాయి. అది సగం అందమే. మోకాళ్ల మీద కూర్చుని, కంటిని వీధి మట్టానికి దించి, ఇళ్ల వరస మధ్యలోంచి స్టేషను వైపు చూడాలి. అప్పుడు గోడలు ఆకాశంలోకి లేస్తాయి. వాటి వెనక ఉన్న మబ్బు నిజమైన మబ్బు, దాన్ని ఎవరూ గీయలేదు. గదిలోపలి నమూనాకు ఎంత గొప్ప చిత్రకారుడు వెనకతెర గీసినా ఈ మబ్బు రాదు. అది కదులుతుంది, దాని నీడ కప్పుల మీదుగా సాగిపోతుంది, పసుపుగోడ ఒక్క క్షణం ఆరి మళ్లీ వెలుగుతుంది.

కార్క్ నుంచి క్లానకిల్టీకి ఎన్71 రోడ్డు మీద వెళ్లేవాళ్లు నగరం దాటగానే చెట్‌విండ్ వంతెన కింద నుంచి పోతారు. చార్లెస్ నిక్సన్ రూపకల్పనలో 1851లో పూర్తయిన పోత ఇనుప కమానుల వంతెన అది. ఒక్కొక్కటి 110 అడుగుల చొప్పున నాలుగు కమానులు, ఎత్తు 91 అడుగులు. ఇప్పుడు దాని మీద రైలు నడవదు. దాన్ని వెళ్లేటప్పుడు కాదు, తిరిగి వచ్చేటప్పుడు చూడమంటాను. 1:24లో కడితే అది మన ఛాతీ ఎత్తు వస్తుంది, ఒక్కొక్క కమాను చాచిన చేతుల కంటే కాస్త తక్కువ. బొమ్మ ఊళ్ల మధ్య గడిపి వచ్చిన కన్ను ఆ లెక్క తనంతట తానే వేస్తుంది. ఛాతీ ఎత్తున ఊహించుకున్నది తల పైకెత్తినా అందనంతగా నిలబడి ఉంటే, 1851లో ఆ లోయ మీదికి ఇనుము ఎక్కించినవాళ్లు ఎంత పని చేశారో మెడకు తెలుస్తుంది.